అథమాస్ ఇంటి పెద్దది

మా హాలోస్ ఊళ్ళో ఒక చట్టం ఉంది. అథమాస్ రాజు సంతతిలో వయసులో అందరికంటే పెద్దవాళ్ళు ఊరి చావడి గడప తొక్కకూడదు. తొక్కితే మళ్ళీ బయటికి వచ్చే దారి ఒక్కటే. తలకు ఉన్ని దండలు చుట్టి, మేళతాళాలతో ఊరేగించి, జ్యూస్ దేవుడి బలిపీఠం దగ్గరికి తీసుకుపోతారు. ఆ చట్టాన్ని చావడి గోడకు ఒక రాతిపలక మీద చెక్కి పెట్టారు. నాకు చదువు రాదు గాని, ఆ పలక కింద కూర్చుని పద్దెనిమిదేళ్ళు నిప్పు కాచాను కాబట్టి అందులోని మాటలన్నీ నోటికి వచ్చు.

నా పేరు ఫిలిన్నా. ఆ వంశం మాదే. చావడి మధ్యలో ఎన్నడూ ఆరకూడని పొయ్యి ఉంటుంది. మొగుడు పోయి, మళ్ళీ పెళ్ళాడే వయసు దాటిన ఆడది దాన్ని చూసుకోవాలి. ఆ పని నాకు అంటగట్టారు. పొద్దున్నే వెళ్ళి బూడిద ఎత్తి, మొద్దు వేసి, ఊరి పెద్దమనుషుల కాళ్ళ సందుల్లో ఊడ్చి వచ్చేదాన్ని. అథమాస్ రక్తంలో పెద్దవాడు గడప దాటకుండా కళ్ళల్లో వత్తులేసుకుని కాపలా కాసే ఆ మగమహారాజులకి, రోజూ రెండుపూటలా చీపురు పట్టుకుని గడప దాటే నా ఒంట్లో పారేదేమిటో ఒక్కనాడూ తట్టలేదు. వాళ్ళ దృష్టిలో ఆడదాని ఒంట్లో ఉండేది మంచినీళ్ళు.

రాజు కథ మీకు పాటగాళ్ళు చెప్పే ఉంటారు. నేను క్లుప్తంగా చెప్తాను. అథమాస్ మొదటి భార్య నెఫెలె, మేఘాల పిల్ల. ఆవిడకి ఫ్రిక్సోస్ అని కొడుకు, హెల్లె అని కూతురు. ఆవిడ వెళ్ళిపోయాక రాజు ఈనోని చేసుకున్నాడు. సవతి పిల్లలంటే ఈనోకి కంటగింపు. విత్తనాల యవలను గుట్టుగా వేయించి, రైతులకు పంచిపెట్టించింది. రాజ్యంలో ఒక్క మొలక లేవలేదు. దేవుడి మాట కనుక్కురమ్మని రాజు డెల్ఫీకి మనుషుల్ని పంపితే, వాళ్ళ చేతులు తడిపి, పిల్లలిద్దర్నీ బలి ఇమ్మని దేవుడన్నాడని చెప్పించింది. రాజు బాగా ఏడ్చాడట. ఏడ్చి, పిల్లల్ని బలిపీఠం దగ్గరికి తీసుకెళ్ళాడు.

తల్లి పంపిన బంగారు పొట్టేలు వాళ్ళను వీపున ఎక్కించుకుని ఎగిరిపోయింది. దారిలో హెల్లె జారి సముద్రంలో పడింది. తరవాత రాజుకి పిచ్చెత్తి, ఈనో కన్న పెద్దకొడుకుని లేడి అనుకుని బాణంతో కొట్టి చంపాడు. ఈనో చిన్నవాణ్ణి చంకనేసుకుని కొండమీంచి సముద్రంలోకి దూకింది. ఆఖరికి ఊరంతా కలిసి ఆ ముసలి రాజునే బలి ఇవ్వబోతే, ఫ్రిక్సోస్ కొడుకు ఎక్కడో దూరదేశం నుంచి సమయానికి వచ్చి తాతను విడిపించుకున్నాడు. తనకు రావలసినదాన్ని తప్పించారని దేవుడికి కోపం వచ్చిందట. అందుకని ఆ వంశంలో పెద్దవాళ్ళ నెత్తిన ఈ చట్టం పెట్టారు.

ఈ కథ విన్నప్పుడల్లా నాకు ఒళ్ళు మండుతుంది. చంపబోయిన తాతను మనవడు క్షమించి కాపాడితే అది నేరమా? అబద్ధం ఆడి వచ్చిన ఆ డెల్ఫీ మనుషుల సంతతి ఎక్కడుందో ఎవరూ అడగరే? వాళ్ళ మీద ఏ పలకా లేదు. ఇంకొకటి కూడా ఉంది. రాజ్యానికంతటికీ సరిపడా విత్తనం ఒక్క ఈనో కూర్చుని వేయించిందా? పోనీ, వేయించిన దాసీలు రాణికి భయపడ్డారనుకుందాం. ఆ విత్తనం ఇంటింటికీ వచ్చినప్పుడు, బుద్ధి తెలిసినప్పటినుంచి యవలు వేయించి, విసిరి, సత్తుపిండి చేసుకునే ఆడవాళ్ళలో ఒక్కతెకి కూడా గింజ చేతపడితే తెలియలేదా? తెలిసే ఉంటుంది. బలిపీఠం ఎక్కేది తమ పిల్లలు కాదు గదా అని ఊరుకున్నారు.

ఇక మా సంగతి. ఈ గొడవ వచ్చేదాకా మా వంశంలో పెద్ద అంటే మా చిన్నాన్న పోలెమోన్. నాన్న పోయిన వారానికే ఆయన మూట కట్టుకుని, మా రేవు నుంచి చూస్తే కనపడే యూబోయా దీవికి పారిపోయాడు. ఆయన అక్కడ బతికున్నన్నాళ్ళూ చట్టం ఆయనదే. నా తమ్ముడు సీమోస్ అందరిలాగే చావడికి వెళ్ళేవాడు, సభలో కూర్చునేవాడు, అవసరానికి మించి మాట్లాడేవాడు కూడా. ఊరి గాదె మీద పెంకులు జారిపోతున్నాయని ఊరిపెద్ద మెనెక్లీస్‌ని నలుగురిలో మూడుసార్లు నిలదీశాడు. మూడుసార్లూ మెనెక్లీస్ చూద్దాంలే అన్నాడు. గాదె బాధ్యత అతనిది, అందులో ఉండేది ఊరందరి విత్తనం.

ఆ వేసవి చివర గాలివాన వచ్చి గాదె కప్పు సగం ఎగరగొట్టింది. మర్నాడే మెనెక్లీస్ నా దగ్గరికి వచ్చి, మూడు రోజులు ఇంటిపట్టున ఉండమన్నాడు, నిప్పు తన మనుషులు చూసుకుంటారన్నాడు. నాకు నడుంనొప్పి. ఎంత మంచివాడో అనుకున్నాను. నాలుగో రోజు వెళ్ళేసరికి పొయ్యి చుట్టూ యవగింజలు చెల్లాచెదురుగా ఉన్నాయి, చావడంతా కమ్మటి వాసన. పండక్కి సత్తుపిండి చేయించారు కాబోలనుకుని శుభ్రంగా ఊడ్చేశాను. ఆ చీపురుతో నన్ను నేను కొట్టుకోవాలి.

శరత్కాలంలో విత్తనం పంచారు. వాన పడింది, అదునుకి పడింది. రైతులు దున్ని చల్లారు. పదిరోజులైంది, ఇరవై రోజులైంది. నేల బోడిగుండులా ఉంది. వాన లేకపోతే వానని తిట్టుకునేవాళ్ళం. వాన బాగా పడి, మొలక రాకపోయేసరికి జనం ముఖాలు చూసుకున్నారు. దేవుడికి కోపం వచ్చిందని మెనెక్లీస్ అన్నాడు. అథమాస్ సంతతి బాకీ పడి ఉందని కూడా మెనెక్లీసే అన్నాడు. వారంలో ఊరంతా అదే పాట.

అలా ఉండగా ఒకరోజు, పగసాయ్ రేవు నుంచి కొత్త విత్తనం వచ్చింది, ఇంటికొకరు చావడికి వచ్చి తీసుకోండని చాటింపు వేశారు. సీమోస్ ఖాళీ సంచి భుజాన వేసుకుని వచ్చాడు. నేను పొయ్యి దగ్గరే ఉన్నాను. ఈసారి కూడా మొలవకపోతే నిన్నే పాతేస్తానక్కా అని నన్ను చూసి నవ్వాడు. వాడు పొయ్యి దాకా వచ్చాక వెనక తలుపులు మూశారు.

"పోలెమోన్ పోయి పన్నెండు రోజులైంది సీమోస్. చేపల పడవవాడు ఆ రోజే కబురు తెచ్చాడు" అన్నాడు మెనెక్లీస్.

"పన్నెండు రోజుల కిందట తెలిస్తే నాకెందుకు చెప్పలేదు?"

"నువ్వు అడగలేదు కదా."

ఆ మాట ఈనాటికీ నా చెవిలో ఉంది. మనిషి చావు కబురు అడిగితే గాని చెప్పకూడదా? సొంత చిన్నాన్న పోతే వాడు తల గొరిగించుకోలేదు, నేను ఒక్క ఏడుపు ఏడవలేదు. పన్నెండు రోజులూ మెనెక్లీస్ ఆ కబురును నాలుక కింద దాచుకుని, మాకు ఎదురైనప్పుడల్లా బాగున్నారా అని అడిగాడు. విత్తనం లేదు, పాడూ లేదు. మూలన ఉన్న సంచుల్లో ఇసుక. సీమోస్ భుజం మీద ఖాళీ సంచి అలాగే ఉంది.

పౌర్ణమికి ఊరేగింపు అన్నారు. నాలుగు రోజులు ఉంది. నిప్పు ఆరకూడదు కాబట్టి నన్ను మాత్రం ఎప్పటిలాగే రానిచ్చారు. నా తమ్ముణ్ణి చంపడానికి కాపలా పెట్టిన చోట, పొయ్యిలో నేనే కట్టెలు వెయ్యాలి. మర్నాడు బూడిద ఎత్తుతుంటే సీమోస్ దగ్గరికి జరిగాడు.

"కాళ్ళు వణుకుతాయేమోనక్కా. ఊరంతా చూస్తుంది. పక్కన నడుస్తావా?"

వీడికి మూడేళ్ళప్పుడు అమ్మ పోయింది. నడక సరిగ్గా రాని రోజుల్నుంచీ వీడి పక్కన నడిచింది నేనే. నడుస్తాలే అని చెప్పి, కళ్ళు కనపడక గుమ్మానికి కొట్టుకుని బయటపడ్డాను.

వాడికి ఇష్టమని ఇంత సత్తుపిండి చేద్దామని ఇంట్లో చూస్తే, గాదె నుంచి వచ్చిన విత్తనంలో సంచి అడుగున నాలుగు దోసిళ్ళు మిగిలి ఉంది. మంగలం పొయ్యిమీద పెట్టి గింజలు పోశాను. పచ్చి యవలు వేడి తగిలితే చిటపటమంటాయి. ఇవి ఉలకలేదు, పలకలేదు. ఒక గింజ నోట్లో వేసుకుని కొరికాను. పచ్చిగింజ పంటికి సాగుతుంది. ఇది పటుక్కున విరిగి పిండైపోయింది. అప్పుడు చావడిలో ఆ మూడు రోజుల తరవాత వచ్చిన కమ్మటి వాసన గుర్తొచ్చింది. గాదెలో తడిసిన విత్తనాన్ని మెనెక్లీస్ ఎవరికీ తెలియకుండా పొయ్యిమీద పళ్ళేల్లో ఆరబెట్టించాడు. ఇంత వయసొచ్చినా మంగలం మొహం చూడని మగాడు, ఆరబెట్టడానికీ వేయించడానికీ తేడా తెలియనివాడు, ఊరి విత్తనమంతా చంపేశాడు. చంపింది తను, కోపం దేవుడికి, చావు నా తమ్ముడికి.

గుప్పెడు గింజలు కొంగున కట్టుకుని ఆడవాళ్ళు నీళ్ళు పట్టుకునే ఊటబావి దగ్గరికి వెళ్ళాను. పాతికమంది ఉన్నారు. ఒక్కొక్కరి చేతిలో ఒక్కో గింజ పెట్టి కొరకమన్నాను. కొరికారు. ఎవరూ ఆశ్చర్యపోలేదు. అదే నన్ను కోసేసింది. నా కళ్ళలోకి చూడకుండా అందరూ కుండల్లోకి చూస్తున్నారు. చివరికి మా పక్కింటి మిర్తిస్ నోరు విప్పింది.

"నాకు తెలుసు వదినా. విత్తనం చెరిగిన రోజే తెలిసింది. మా ఆయనతో అంటే, నీకేం తెలుసు, నోర్ముయ్యి అన్నాడు. తరవాత ఇంక ఎవరికీ చెప్పలేదు. సీమోస్ మీదికి వస్తుందని అనుకోలేదు వదినా."

ఇంకా నలుగురైదుగురు తమకూ అనుమానం వచ్చిందన్నారు. నాకు చెయ్యెత్తి ఆ కుండలన్నీ బద్దలు కొట్టాలనిపించింది. ఆ కోపం మీదే అడిగాను. మీరు రోజూ పిల్లల్ని పడుకోబెడుతూ ఈనో పాపిష్టిదని కథ చెప్తారు కదా, ఆ కథలో మీరెక్కడున్నారో ఎప్పుడైనా చూసుకున్నారా అన్నాను. అప్పుడూ ఇలాగే ఊటబావి దగ్గర కుండల్లోకి చూస్తూ నిలబడ్డారని, అందుకే హెల్లె సముద్రంలో ఉందని అన్నాను. నేను ఏడవలేదు. ఏడిస్తే ఓదార్చి ఇంటికి పంపించేస్తారు.

ఆ పూట నీళ్ళు ఆలస్యంగా వెళ్ళాయి ఊళ్ళోకి. ఏం చెయ్యాలో మిర్తిసే చెప్పింది. తిండికి దాచుకున్న పచ్చి యవలు ప్రతి ఇంట్లో జాడీల్లో ఉన్నాయి. కొట్టుగది తాళం ఆడవాళ్ళ దగ్గర ఉంటుంది. ఆ జాడీల్లోది చల్లితే ఇంకా అదను ఉంది, కాకపోతే చలికాలమంతా అర్ధాకలి. సీమోస్ బతికితే ఇస్తాం, లేకపోతే ఒక్క గింజ ఇవ్వం అనుకున్నారు. ఒకరిద్దరు గొణిగారు, పిల్లలున్నారని. వాళ్ళనీ ఒప్పించింది మిర్తిసే. తప్పు చేసినవాళ్ళ పట్టుదల వేరుగా ఉంటుంది.

పౌర్ణమి నాడు పొద్దున్న నేను పొయ్యిలో మొద్దు వేసి ఇంటికి పోలేదు. ఉన్ని దండలు పళ్ళెంలో తెచ్చారు. పెద్దమనుషులందరూ తెల్లబట్టలతో వచ్చారు. వాకిట ఊరి ఆడవాళ్ళు నిండిపోయారు, చూడ్డానికి వచ్చారనుకున్నారు పాపం. నేను వెళ్ళి సీమోస్ కూర్చున్న పీట మీంచి వాణ్ణి లేపి, నేను కూర్చున్నాను.

"ఆ పలక మీద ఏముందో చదువు మెనెక్లీస్" అన్నాను.

"అక్కయ్యా, ఇది ఏడ్చే చోటు కాదు, లే."

"చదవమన్నాను."

నన్ను తొందరగా వదిలించుకోవడానికి చదివాడు. అథమాస్ సంతతిలో వయసులో పెద్ద, అని ఉంది. మగవాడు అన్న మాట అందులో ఎక్కడా లేదు. పద్దెనిమిదేళ్ళు దాని కింద బూడిద ఎత్తినదాన్ని, నాకు తెలియదా?

"సీమోస్‌కంటే నేను ఐదేళ్ళు పెద్ద. వాడి ముక్కు తుడిచి పెంచాను. చిన్నాన్న పోయిన రోజు నుంచి వంశంలో పెద్ద నేను. వాడు కాదు."

ఒకళ్ళిద్దరు నవ్వారు. ఆడవాళ్ళు లెక్కలోకి రారన్నాడు మెనెక్లీస్.

"హెల్లె వచ్చిందిగా. బలిపీఠం దగ్గరికి తీసుకెళ్ళేటప్పుడు ఆడపిల్లని మినహాయించారా? చావడానికి లెక్కలోకి వస్తాం గాని చట్టంలోకి రామా?"

అప్పుడు మిర్తిస్ గడప దాకా వచ్చి పళ్ళెం లోపలికి చాపింది. అందులో రెండు గుప్పిళ్ళు, ఒకటి గాదె విత్తనం, ఒకటి ఇళ్ళల్లో ఉన్న పచ్చి యవలు. పెద్దమనుషుల్ని కొరికి చూడమంది. ముందు ఎవరూ ముట్టుకోలేదు. తరవాత మిర్తిస్ మొగుడే ఒకటి తీసుకున్నాడు. పళ్ళెం చుట్టూ తిరిగింది. ముసలివాళ్ళు పళ్ళు లేని పక్కనుంచి పళ్ళున్న పక్కకి మార్చి మార్చి నమిలారు. చావడిలో నమిలే చప్పుడు తప్ప ఇంకేం లేదు. పళ్ళెం మెనెక్లీస్ దగ్గరికి వచ్చేసరికి అతను నమలకుండానే తెల్లబోయాడు. అది ఏం చేస్తుందో తెలిసి చెయ్యలేదని ఆ మొహం చూస్తే తెలిసింది. మొలక రాకపోయాక తెలుసుకున్నాడు. తెలుసుకుని, నా తమ్ముణ్ణి పిలిచి తలుపులు మూశాడు. తెలియక చేసినదాన్ని ఊరు క్షమించేది. అది కూడా అతనికి నామోషీ అయింది.

మీరనుకుంటారు, అక్కడితో అతన్ని మెడపట్టి గెంటారని. నేనూ అనుకున్నాను. ఒక్కరు గెంటలేదు. అందరూ అతనితో కలిసి సభలో చేతులెత్తినవాళ్ళే, అతనితో కలిసి దేవుడి కోపం అన్నవాళ్ళే. వాళ్ళకి నిజం అక్కర్లేదు, పరువు పోకుండా బయటపడే దారి కావాలి. మూలకి వెళ్ళి గుసగుసలాడుకుని వచ్చారు. వంశంలో పెద్ద ఫిలిన్నాయే అన్నారు, చట్ట ప్రకారం దండలు ఆమెకే చుడతామన్నారు. బలిపీఠం దగ్గర మాత్రం, అప్పట్లో పొట్టేలు వచ్చి పిల్లల్ని తప్పించినట్టు, ఇప్పుడూ పొట్టేలుతో సరిపెడతామన్నారు. బదులుగా మేము జాడీలు తెరవాలి, వేయించిన విత్తనం సంగతి ఊరి పొలిమేర దాటకూడదు. నేను ఛీ అనబోయాను. సీమోస్ వెనకనుంచి నా కొంగు పట్టుకున్నాడు, చిన్నప్పుడు పట్టుకున్నట్టు. ఒప్పుకున్నాను.

దండలు చుట్టారు. ఊరంతా నడిచాను. సీమోస్ నా పక్కన నడిచాడు, కాళ్ళు వణికింది వాడికి కాదు, నాకు. ఆ బలిపీఠం ముందు నిలబడి, కత్తి పొట్టేలు మీదికి పోతుందో నా మీదికి వస్తుందో చివరి గడియ దాకా నాకు నమ్మకం లేదు. పొట్టేలు పడింది. నెత్తురు నా పాదాల మీద చిమ్మింది.

ఇళ్ళల్లోని యవలు పొలాల్లో చల్లారు. చలికాలమంతా ఆడవాళ్ళు ఒంటిపూట తిని పిల్లలకు రెండుపూటలా పెట్టారు. చల్లిన తొమ్మిదో రోజుకే పచ్చగా మొలక లేచింది. మెనెక్లీస్ చావడి మెట్లమీద నిలబడి ఏమన్నాడో తెలుసా? అథమాస్ వంశంలో పెద్దని దండలు వేసి తీసుకెళ్ళాం, దేవుడు శాంతించాడు, చూడండి పొలాలు అన్నాడు. అందరూ తలలూపారు. గింజ కొరికిన నోళ్ళే దేవుడి దయ అన్నాయి. మిర్తిస్ మొగుడు కూడా అన్నాడు. ఆకలితో కళ్ళు గుంటలు పడ్డ ఆడవాళ్ళు మొలకల్లో కలుపు తీస్తూ అది విన్నారు.

మెనెక్లీస్ ఇప్పటికీ ఊరిపెద్దే. గాదెకి కొత్త పెంకులు వేయించినందుకు అతని పేరు రాతిమీద చెక్కారు. నా పని పోయింది. వంశంలో పెద్దని కాబట్టి ఇప్పుడు చావడి గడప నేను తొక్కకూడదు. ఒక్కటి మాత్రం అతనే తన నోటితో, ఊరందరి ముందు చెప్పి ఇరుక్కున్నాడు. పెద్దని నేనే. నేను బతికి ఉన్నంతకాలం సీమోస్ మీద చెయ్యి వెయ్యడానికి లేదు. కాబట్టి నేను బతకాలి. నాకు ఇప్పుడు డెబ్భై రెండు. మెట్లు ఎక్కను, చలిగాలికి తిరగను, పుట్టగొడుగులు ముట్టను. ఇంత జాగ్రత్తగా నా మొగుడి ప్రాణం కూడా చూసుకోలేదు.

ఈ ఏడు దగ్గు పట్టుకుంది. సీమోస్ రోజూ పొద్దున్నే తలుపు సందులోంచి చూసి, ఎలా ఉందక్కా అంటాడు. అరవై ఏడేళ్ళవాడు, గొంతులో అదే భయం. యూబోయాకి పోవడానికి మూట కట్టి మంచం కింద పెట్టుకున్నాడు, నాకు తెలియదనుకుంటున్నాడు. బాగానే ఉందిరా, వెళ్ళి పని చూసుకో అంటాను. వాడు వెళ్ళాక దుప్పటి నోటికి అడ్డం పెట్టుకుని దగ్గుతాను.

ఆ వేయించిన విత్తనం కొంచెం నా దగ్గర ఇంకా ఉంది. ప్రతి ఏటా విత్తనాల అదునుకి కర్ర పట్టుకుని చావడి దాకా వెళ్ళి, గడపకి ఇవతల మట్టిలో గుప్పెడు చల్లి, అందరూ చూస్తుండగా నీళ్ళు పోస్తాను. పెద్దమనుషులు తల తిప్పుకుని లోపలికి పోతారు. మొన్న మెనెక్లీస్ ఆగి, ఎన్నాళ్ళు చేస్తావిలా ముసలమ్మా అన్నాడు, నా దగ్గు విని కాస్త హుషారుగానే అడిగాడు.

"ఇది మొలిచిన రోజున చస్తాను" అన్నాను.